కోడికూత వేళ మగ్గం

గొంగడి మళ్ళీ జానెడు పెరిగింది.

ఆండాలు చీపురు చేతిలో పట్టుకునే మగ్గం కొట్టంలోకి తొంగి చూసింది. నిన్న పొద్దుగూకే ముందు, నేత ఆగిన చోట సున్నంతో చిన్న బొట్టు పెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఆ బొట్టు దాటి జానెడు కొత్త నేత ఉంది. మొన్న ఇలాగే కనిపిస్తే తన కళ్ళనే అనుమానించింది. నిన్న కనిపిస్తే బొట్టు పెట్టింది. ఈరోజు అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

వంగి వేళ్ళతో తడిమింది. గోరు దూరనంత బిగువుగా ఉంది. దాని పక్కనే పగటిపూట నేసిన భాగం ఉంది. అది వదులుగా, అంచు వంకరగా, కొత్తగా నేర్చుకునేవాడి పనిలా ఉంది. ఆ వదులు నేత మొగుడి అన్న సోమన్నదని అందరికీ తెలుసు. ఈ బిగువు ఎవరిదో కూడా ఆండాలుకు తెలుసు. ఏడాది కిందటి దాకా సోమన్న చేతి నేత ఇలాగే ఉండేది.

చీపురు అక్కడే పడేసి వసారాలోకి వెళ్ళింది. సోమన్న మంచం మీద ముడుచుకొని పడుకున్నాడు. అతని భార్య బక్కమ్మ కాన్పుకని మిర్యాలగూడలో తల్లిగారింటికి వెళ్ళి నెల దాటింది. అతను లేచాడో, పడుకున్నాడో చూసే మనిషి లేదు.

"బావా, లే."

సోమన్న కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు.

"రాత్రి నేసినవా?"

"ఏం నేసుడు?"

"గొంగడి."

"నాకేమన్న పిచ్చి పట్టిందా. పొద్దుగూకంగనే పండిన. నువ్వు లేపితే లేసిన."

"మరి జానెడు ఎవలు నేసిండ్రు?"

సోమన్న మగ్గం వైపు చూడలేదు. మంచం కింద చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు.

ఆండాలు కోదాడ దిక్కు పిల్ల. ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో ఇక్కడి మాట బాగానే పట్టుబడింది గాని, కోపం వస్తే పుట్టింటి మాట తన్నుకొని బయటికి వస్తుంది.

"నువ్వే నేశావు బావా. నా ముందర చెయ్యి ఆడటం లేదంటావు. నాకు కునుకు పట్టగానే లేచి నేస్తావు. జానెడు జానెడు నీ తమ్ముడి శవాన్ని తయారు చేస్తున్నావు."

"ఆండాలూ."

"కాదా? నేను చెప్పిందాంట్లో తప్పుందా?"

తప్పు లేదు. వాళ్ళ ఇంటి ఆచారం అటువంటిది. ఇంట్లో మగవాడు పోయి శవం దొరక్కపోతే, తోడబుట్టినవాడు అయిదు మూరల గొంగడి తన చేత్తో నేయాలి. దాన్ని ఇంటి ముందు పరిచి, మనిషిగా ఎంచి, దినం చేయాలి. పరాయి చెయ్యి పడితే ఆ గొంగడి పనికిరాదు. ఆడవాళ్ళైతే నేసేవాడు దిగి కూర్చునే మగ్గం గుంటలో కాలు పెట్టడమే నిషేధం. ఈ బేస్తవారం ఆండాలు మొగుడు యాదయ్య దినం. ఇవాళ మంగళవారం. గొంగడికి ఇంకా మూరెడు నేత కావాలి.

ఆ మూరెడు పూర్తయితే ఆండాలు చేతి గాజులు పగులుతాయి. సూర్యాపేట కచేరీలో ఆమె రాయించిన కాయితం మీద ఇక అడిగేవాళ్ళుండరు. భర్త బతికి ఉన్నాడో లేడో తేల్చమని వారం వారం పోయి గుమ్మం ముందు నిలబడే హక్కు కూడా పోతుంది. చచ్చినవాడికి దినం చేసుకున్న ఆడది వెతుకుతానంటే ఎవరు వింటారు?

"బీరప్ప దేవుని మీద ఒట్టు. నేను నెయ్యలే," అన్నాడు సోమన్న.

అతని ముఖం చూసింది. అబద్ధం ఆడే మనిషి ముఖం కాదు అది. సోమన్నకు అబద్ధం ఆడడం చేతకాదు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి, ఎవరూ అడగకముందే ఏడ్చిన మనిషని అత్త ఎన్నోసార్లు చెప్పింది.

ఆండాలు చీపురు కోసం వెనక్కి వెళ్ళింది.

*

ఈ ఇంట్లో ఒకే మగ్గం. అన్నదమ్ములు ఇద్దరు. వాళ్ళ తండ్రి బతికున్నప్పుడు కొడుకులిద్దరినీ ఏడాదిపాటు ఊరికే చూశాడట. ఎవరి చెయ్యి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు వాలుతుందో గమనించాడట. సోమన్న మొదటి కోడి కూతకు మనిషి. అప్పుడు గుంటలో దిగితే పొద్దు జానెడెక్కేదాకా అతని చేతికి అలుపుండదు. ఆ తర్వాత ఎంత తిట్టినా పోగు నిలవదు. యాదయ్య అందుకు సరిగ్గా ఎదురు. పొద్దున బర్రె తొక్కినా లేవడు. దీపం పెట్టాకే వాడికి ఒళ్ళు విచ్చుకునేది. అన్న దిగిన గుంటలో తమ్ముడు పొద్దుగూకాక దిగేవాడు. తండ్రి అలా పంచిపెట్టాడు. పొలం పంచినట్టు పొద్దు పంచాడు. దాని మీద ఏనాడూ అన్నదమ్ములకు తగాదా రాలేదు.

పక్కన కూర్చుని కదురు తిప్పే ఆండాలు కూడా రాత్రి మనిషే అయిపోయింది. మొగుడి వేళే తన వేళ. తెల్లవారుజామున ఆమెను నిద్ర లేపడం ఎవరి తరమూ కాదు.

పోయిన ఏడు వానకాలంలో ఒకరోజు, సంఘంలో చేరాడని యాదయ్యను వెతుకుతూ రజాకార్లు కోడికూత వేళకే వచ్చారు. యాదయ్య అప్పుడు గాఢనిద్రలో ఉన్నాడు. పక్కలోంచి లాక్కుపోతుంటే ఆండాలుకు మెలకువ వచ్చింది. దివిటీల వెలుగులో వాడి వీపు ఒక్కసారి కనిపించింది. అంతే. ఆ తర్వాత రెండు నెలలు కాకముందే పటాలం వచ్చింది, రాజ్యం మారింది, పోయినవాళ్ళలో కొందరు నడుచుకుంటూ తిరిగొచ్చారు. యాదయ్య రాలేదు.

ఆ రోజు నుంచి సోమన్న కోడికూత వేళకు మగ్గం దగ్గరికి పోలేదు. మధ్యాహ్నం కూర్చుంటాడు. నేసిందానికంటే విప్పేదే ఎక్కువ.

ఆ మంగళవారం మధ్యాహ్నం కూడా అలాగే కూర్చున్నాడు. నాలుగు వేళ్ళు నేసి, అంచు చూసుకుని, మొత్తం విప్పేశాడు. మళ్ళీ మొదలుపెట్టబోతుంటే రామలింగయ్య వచ్చాడు.

రామలింగయ్య ఆండాలు అత్త సత్తమ్మకు తమ్ముడు, సోమన్నకు మేనమామ. చివ్వెంల చుట్టుపక్కల నాలుగూళ్ళ కురుమలకు పెద్దమనిషి. గట్టిగా మాట్లాడిన పాపాన పోలేదు. దినం జరిపించాలని పట్టుబట్టింది అతనే.

"ఎంతొచ్చిందిరా అల్లుడా?"

"మూరెడు తక్కువ మామా."

"రేపు ఒక్క దినమే ఉంది."

"పగటీలి చెయ్యి ఆడుతలేదు."

రామలింగయ్య గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నీ యాల్ల నీకు తెలుసు గదా. కోడి కూసినంక కూసో. రెండు పొద్దులల్ల అయిపోతది."

"ఆ యాల్ల నాతోని కాదు."

"ఏడాదాయె. ఇంకెన్నొద్దులు?"

సోమన్న పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలో తిప్పాడు. ఆండాలు మామకు చెంబుతో నీళ్ళు తెచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది.

"మోత ఇనే వచ్చిండ్రు మామా," అన్నాడు సోమన్న చివరికి. "ఊరంత నిద్రల ఉన్నది. నా మగ్గం ఒక్కటే మోగుతున్నది. ఈ ఇంట్ల మనిషి ఉన్నడని గా మోతే తెలిపింది. నేను గా పొద్దు లేవకపోతే వాడు బతికేటోడు."

"గంతే," అన్నాడు రామలింగయ్య వెంటనే. "మోత ఇనే వచ్చిండ్రు. దాంట్ల నీ తప్పేం లేదు."

ఆ మాట ఓదార్పుకే అన్నాడు. కానీ ఓదార్చేవాడు ముందు కాదంటాడు, తర్వాత సర్దిచెబుతాడు. ఇతను కాదనలేదు. ఆండాలుకు అది ముల్లులా తగిలింది. ఎందుకు తగిలిందో మాత్రం ఆమెకు అప్పుడు తెలియలేదు.

"దినం కానియ్యి," రామలింగయ్య ఆమె చేతిలోంచి చెంబు అందుకుంటూ ఆమెతోనే అన్నాడు. "కచేరీల సుట్టు తిరుగుడు ఖతం అయితది. మీ అన్న వచ్చి కోదాడ తోల్కపోతడు. చిన్న దానివి. ఎన్ని దినాలు పరేషాన్ అయితవ్?"

"నేను పరేషాన్ అయితున్ననని నీకు జెప్పిన్నా మామా?"

"జెప్పాలెనా?"

"కచేరీల కొత్తగొచ్చినాయన అడుగుతుండు. ఎవలు తోల్కపోయిండ్రు, ఎవలు ఇల్లు సూపిచ్చిండ్రు, అన్ని రాసుకుంటుండు. వచ్చే వారం మళ్ళ రమ్మన్నడు."

రామలింగయ్య నీళ్ళు తాగలేదు. చెంబు కింద పెట్టి లేచాడు.

"బేస్తారం పొద్దు పొడవకముందే వస్త," అని సోమన్నకు చెప్పి వెళ్ళిపోయాడు.

*

పొద్దు వాలుతుండగా సత్తమ్మ వాకిట్లో ఉన్ని చిక్కు తీస్తూ కూర్చుంది. ఆ ముసలామెకు అదే వేళ. అందరూ కునికే వేళలో ఆమె వేళ్ళు చురుగ్గా ఆడతాయి. ఆండాలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తా, గొంగడి పొద్దుగాల పెరుగుతున్నది. మూడు దినాల సంది."

"తెలుసు."

"తెలుసా?"

సత్తమ్మ ఉన్నిలోంచి పల్లేరుకాయ ఒకటి ఏరి పక్కన పడేసింది. "వాడే వస్తుండు."

"ఎవలు?"

"నా కొడుకు. యాదయ్య."

ఏడాదిగా ఎవరి నోటా వినని పేరు అది. అందరూ 'వాడు' అంటారు, 'పోయినోడు' అంటారు, 'మీ ఆయన' అంటారు.

"సచ్చి వస్తుండా, బతికి వస్తుండా?"

"గది నాకేం తెలుసు బిడ్డా. వస్తుండు, నేస్తుండు, పోతుండు. నువ్వు పోయి సూడకు. సూస్తే మళ్ళ రాడు."

"అత్తా, ఆయన పొద్దుగాల ఎన్నడు గుంటల దిగలె. దీపం పెట్టినంకనే గదా."

సత్తమ్మ వేళ్ళు ఆగాయి. ఆ సంగతి ఆమెకు తోచినట్టు లేదు.

"మనిషి మారడా," అంది తర్వాత, చిక్కు తీస్తూ. "ఎక్కడెక్కడ తిరిగిండో."

నమ్మదగిన మాట కాదు. అయినా ఆండాలు నమ్మింది. సంవత్సరం పాటు ఎండిపోయిన మనిషికి ఎవరు ఏం పోసినా తాగుతుంది. అడవులు పట్టి పోయినవాళ్ళలో ఎందరు ఇంకా ఇళ్ళకు రాలేదు? పటాలం భయానికి పగలు కనిపించకుండా తెల్లవారుజామున వచ్చి పోయేవాళ్ళు లేరా? తన దినం గొంగడి అని తెలియక నేస్తున్నాడేమో. అన్నకు చెయ్యి ఆడటం లేదని జాలిపడి నేస్తున్నాడేమో.

ఆ రాత్రి గిన్నెలో జొన్న అంబలి పోసి, ఉల్లిగడ్డ పెట్టి, మగ్గం గుంట పక్కన మూత వేసి వచ్చింది. మెలకువగా ఉండాలనుకుంది గాని, ఏడాదిగా రాత్రంతా కళ్ళు తెరిచి, కోడి కూసే వేళకే నిద్రలో పడడం ఆమె ఒంటికి అలవాటైపోయింది. ఆ రోజూ అంతే అయింది.

బుధవారం పొద్దున గిన్నె ఖాళీగా ఉంది. గొంగడి మరో జానెడు పెరిగింది.

ఆ రోజంతా ఆండాలు ఎవరితోనూ తగాదా పడలేదు. తలంటుకుంది. పెట్టెలోంచి ఎర్రంచు చీర తీసి చూసుకుని మళ్ళీ పెట్టింది. గాజులు రెండు చేతులకూ లెక్కపెట్టుకుంది, అన్నీ ఉన్నాయి. సోమన్న ఆమెను చూసి, ఎన్నాళ్ళకో నవ్వబోయి, ఎందుకో మానేశాడు. సత్తమ్మ మాత్రం ఆమె ఎటు పోతే అటు చూస్తూ కూర్చుంది.

*

బేస్తవారం మొదటి కోడి కూయకముందే ఆండాలు మగ్గం కొట్టంలో ఉన్నికుప్ప వెనక కూర్చుని ఉంది.

నిద్రపోకుండా ఉండడానికి రాత్రంతా చీకట్లో కదురు తిప్పింది. వేళ్ళు కోసుకుపోయాయి. కోడి కూసే వేళకు ఒళ్ళంతా బరువెక్కి, రెప్పలు వాటంతట అవే వాలసాగాయి. చింతపండు నోట్లో వేసుకుంది. అంబలి గిన్నె గుంట పక్కన సిద్ధంగా ఉంది. వస్తే ముందు ఏమనాలో వందసార్లు అనుకుంది. ఒక్క మాటా నిలవలేదు.

కోడి కూసింది.

వసారా వైపు నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. తొందర లేని అడుగులు. తలుపు తోసుకుని మనిషి లోపలికి వచ్చాడు. దీపం లేదు. చీకట్లో తడుముకోకుండా నేరుగా గుంట దగ్గరికి వచ్చి, వంగి, గిన్నె తీసి, అంబలి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. గుంటలో దిగాడు. నాడె అటు ఇటు ఆడడం మొదలైంది.

చిన్న కిటికీలోంచి పడే మసక వెలుతురులో ముఖం కనిపించింది. సోమన్న.

కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు ఆమె వైపు ఒకసారి తిరిగి, ఉన్నికుప్పను చూసినట్టే ఆమెను చూసి, పక్కకు పోయాయి. నిద్రలో ఉన్నాడు. చేతులు మాత్రం మెలకువగా ఉన్నాయి. ఏడాది పాటు అతను రానివ్వకుండా ఆపిన వేళ అది. అడగకుండానే వచ్చి, అతన్ని మంచం మీంచి లేపి, నడిపించుకుని ఇక్కడ కూర్చోబెట్టింది.

ఆండాలుకు ఏడుపు కూడా రాలేదు. ఒక్క పగలు బతికిన మొగుడు మళ్ళీ పోయాడు, అంతే.

లేవబోయింది. అప్పుడే సోమన్న తల కొంచెం కిటికీ వైపు వంచాడు. అక్కడ ఎవరూ లేరు. నాడె ఆగలేదు.

"ఆఁ, లోపల్నే పండిండు మామా," అన్నాడు. మామూలు గొంతు, పనిలో ఉన్న మనిషి గొంతు. "రాత్రి పొద్దుపోయింది వానికి. జర మెల్లగ లేపు."

ఆండాలు అతన్ని లేపబోయి ముందుకు వంగింది.

వెనక నుంచి ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు. ఉలిక్కిపడి తిరిగింది. సత్తమ్మ.

"లేపకు బిడ్డా."

"అత్తా, ఏమన్నడో ఇన్నవా?"

"రోజూ గిదే మాట. అయిదు దినాల సంది రోజూ వచ్చి ఇంటున్న." ముసలామె గొంతు దారంలా సన్నగా ఉంది. "గా రోజు కూడ ఇన్న. గొర్ల దొడ్లె ఉన్న నేను. కిటికి కాడ అడుగుడు ఇన్న, వీడు జెప్పుడు ఇన్న. మామే గదా అనుకున్న. బీడీ ముట్టిచ్చి రెండు దమ్ములు కూడ కాలే, దివిటీలు వచ్చినయ్."

"బావకు..."

"వానికి తెల్వదు. ఈ యాల్ల వాణ్ణి ఏమడిగినా జెప్తడు, చెయ్యి ఆగదు, జెప్పింది యాదుండదు. నీకు తెల్వదా?"

తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికి వచ్చిపోయే మేనమామకు ఇంకా బాగా తెలుసు.

"'మామా' అన్నడు అత్తా."

సత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నీ తమ్ముడే అడిగిండు. మెల్లగ లేపు అని బావ జెప్తే, పోయి వాళ్ళను తోల్కొచ్చిండు. ఏడాది సంది నీకు తెలుసు. ఆయన వచ్చి ఈ వాకిట్ల కూసుంటే నువ్వు ఆయనకు అన్నం పెట్టినవ్."

"పెట్టిన."

"ఎట్ల పెట్టినవ్ అత్తా?"

"మోత ఇని వచ్చిండ్రు అనుకుంటేనే వీడు గిట్ల సగం అయిండు. నోటితోని జెప్పి తమ్ముణ్ణి పట్టిచ్చిన అని తెలిస్తే బతుకుతడా? రామలింగాన్ని నలుగుర్ల నిలదీస్తే వాడు ఊకుంటడా? నీ కొడుకే జెప్పిండు అంటడు. నేను ఒకన్ని పోగొట్టుకున్న. వీన్ని నాకు ఉండనియ్యి." ఆమె ఆండాలు భుజం వదిలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "నీకు అన్యాలం జేసిన. తెలిసే జేసిన. యాదయ్య వస్తుండని అబద్ధం కూడ ఆడిన. నువ్వు గీడికి రాకుంట ఉండాలెనని."

ఆండాలుకు ఆమెను కొట్టాలనిపించింది. ఒళ్ళో తలపెట్టి పడుకోవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

మగ్గం ఆగింది. సోమన్న ఆఖరి పోగు తట్టి, అంచు మీద అరచేత్తో ఒకసారి రాసి చూసుకున్నాడు. అతని ముఖంలో ఒక తృప్తి కనిపించింది. ఏడాదిగా ఆ ముఖంలో ఎవరూ చూడని తృప్తి అది. గుంటలోంచి పైకి వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళ పక్క నుంచే నడిచి, వసారాలోకి పోయి పడుకున్నాడు.

అయిదు మూరలు నిండాయి.

*

తూర్పు తెల్లబడుతుండగా బయట అరుగు మీద చేతికర్ర చప్పుడైంది.

"అక్కా, లేసిండ్రా?"

రామలింగయ్య అన్నట్టే పొద్దు పొడవకముందే వచ్చాడు. వెనక బాట మీద ఇంకో నలుగురు పెద్దమనుషులు మాట్లాడుకుంటూ వస్తున్న అలికిడి వినిపిస్తోంది.

సోమన్న వసారాలోంచి లేచి, ఒళ్ళు విరుచుకుంటూ మగ్గం కొట్టం గుమ్మంలోకి వచ్చాడు.

"ఇయ్యాల ఎన్నడు లేనంత నిద్ర పట్టింది అవ్వా," అన్నాడు తల్లితో.

అప్పుడు మగ్గం చూశాడు. నిండిన గొంగడి చూశాడు. దగ్గరికి పోయి అంచు పట్టుకున్నాడు. ఆ బిగువు మీద వేళ్ళు నడిపి, తెలిసిన మనిషి ముఖాన్ని చీకట్లో తడిమినట్టు తడిమి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవలు నేసిండ్రు ఇది?"

సత్తమ్మ కోడలి వైపు చూసింది. వేడుకోలు కూడా మిగలని చూపు అది.

"అవ్వా, ఇది నా నేత తీర్గ ఉన్నది. ఎవలు నేసిండ్రు?"

"నేను నేసిన బావా," అంది ఆండాలు.

"నువ్వా?"

"నేనే. అయిదు దినాల సంది. ఆరేండ్లు పక్కన కూసుండి సూడలేదా, చెయ్యి పట్టుబడింది. నీతోని కాదని నేను దిగిన."

"గుంటల దిగినవా?"

"దిగిన."

సోమన్న ఆమెను అలా చూస్తూనే ఉన్నాడు. అతని భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎందుకు తేలికపడ్డాడో అతనికే తెలియదు.

ఆండాలు పోయి వాకిలి తలుపు తీసింది. రామలింగయ్య దినానికి తెచ్చిన కొత్త కుండ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యిందా గొంగడి?"

"అయ్యింది మామా. నేను నేసిన. ఆడదాని చెయ్యి పడ్డది. దీని మీద దినం నడువది."

రామలింగయ్య ఆమెను దాటి లోపలికి చూశాడు. వెనక వస్తున్న నలుగురు మాటలాపి నిలబడ్డారు.

"ఆడది గుంటల దిగితే కులం ఏం జేస్తదో ఎరుకేనా నీకు?"

"ఎరుకే. ఏం జేస్తరో జేయుండ్రి. మా ఆయన దినం మాత్రం ఇయ్యాల కాదు. వచ్చే వారం నేను సూర్యాపేట పోవాలె."

"ఎవలన్న సూసిండ్రా నువ్వు నేసుడు?" రామలింగయ్య గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "ఏ యాల్ల నేసినవ్?"

"కోడి కూసినంక," అంది ఆండాలు. అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "గుంటల కూసుంటే కిటికి కాడికి వచ్చి ఎవలు ఏమడిగినా మంచిగ ఇనబడుతది మామా. గొంతు కూడ గుర్తువట్టొచ్చు."

రామలింగయ్య చంకలోని కుండ జారబోతే రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని, అక్క ముఖం కోసం లోపలికి చూశాడు.

సత్తమ్మ ఇంట్లోనే ఉంది, అతనికి కనిపించేంత దగ్గరలోనే ఉంది. తమ్ముణ్ణి లోపలికి రమ్మనలేదు.